రంగును, పరిమళాన్ని కరిగించి తెచ్చే ద్రవం

గోరింటాకు కొమ్మన ఉన్నంతకాలం ఆకుపచ్చగానే ఉంటుంది. త్రుంచి చేతపట్టుకొన్నంత మాత్రాన అరచేయి పండదు. రోటిలో వేసి, కొద్దిగా నీరు, కొంచెం చింతపండు పులుసో నిమ్మరసమో చేర్చి మెత్తగా నూరి, కొన్ని గంటలపాటు అరచేతిలో ఉంచినప్పుడే ఎర్రదనం పట్టుతుంది. ఈ సంగతి తెలియని తెలుగు ఇల్లు లేదు. అయితే రోటిలో పోసిన ఆ నాలుగు చుక్కల నీరు చేసిన పని ఏమిటన్న ప్రశ్న సాధారణంగా ఎవరికీ తోచదు.

గోరింటలోని రంగు పదార్థాన్ని రసాయన శాస్త్రజ్ఞులు లాసోన్ అంటారు. పచ్చి ఆకులో అది ఆ రూపంలో ఉండదు. దాని మూలపదార్థం చక్కెరతో ముడిపడి, కణాల లోపల దాగి ఉంటుంది. నూరినప్పుడు కణాలు చితుకుతాయి. నీరు ఆ పదార్థాన్ని కరిగించి వెలుపలికి తెస్తుంది. పులుపు చక్కెర ముడిని విప్పడానికి తోడ్పడుతుంది. విడివడినది గాలి సోకి రంగుగా మారి, చర్మంలోని మాంసకృత్తులను అంటిపెట్టుకొంటుంది. ఈ విధంగా ఒక పదార్థాన్ని తనలో కరిగించుకొనే ద్రవానికి ద్రావణి అని పేరు. ద్రావణి సాయంతో మొక్కనుండి సారాన్ని రాబట్టే ప్రక్రియను నిష్కర్షణ అంటారు. మన పెరట్లో రోలు ఒక చిన్న నిష్కర్షణశాల అన్నమాట.

నేటి అంగళ్ళలో సబ్బుల మీద, తలనూనెల మీద, ముఖలేపనాల మీద, కొన్ని చీరల మీద సైతం ‘సహజ’ అనే మాట కనిపిస్తున్నది. చీటీ మీద మొక్క పేరు ఉంటుంది, ఒక్కొక్కప్పుడు దాని బొమ్మ కూడా ఉంటుంది. ఆ మొక్కనుండి సారాన్ని ఏ ద్రవంతో రాబట్టినారో మాత్రం సాధారణంగా ఉండదు. మొక్క పొలంలో పండినదే కావచ్చు. దానిని కరిగించిన ద్రవం పెట్రోలియం శుద్ధి కర్మాగారం నుండి వచ్చి ఉండవచ్చు. ఆకు ఎంత సహజమైనదైనా, దానినుండి రంగును రాబట్టిన ద్రవం పనివాడి నరాలకు, ఊరి చెరువుకు కీడు చేసేదైతే ఆ సరకును సహజమని పిలవడంలో అర్థం లేదు. ‘హరిత ద్రావణులు’ అనే పేరుతో ఇటీవలి దశాబ్దాలలో సాగుతున్న అన్వేషణకు మూలం ఈ ఆలోచనే.

ఏది దేనిలో కరుగుతుంది?

పాఠశాల ప్రయోగశాలలో ఉపాధ్యాయుని సమక్షంలో చేయదగిన చిన్న పరీక్ష ఒకటి ఉన్నది. మూడు గాజు పాత్రలలో నీరు, కొబ్బరినూనె, స్పిరిట్ విడివిడిగా తీసికొని, ఒక్కొక్కదానిలో చిటికెడు పసుపు వేసి కలపాలి. స్పిరిట్ మండే ద్రవం కావున దరిదాపులలో దీపం ఉండరాదు. కొంతసేపటికి నీటి అడుగున పసుపు పేరుకొంటుంది. పైనున్న నీటికి పట్టిన రంగు స్వల్పం. నూనె పచ్చబడుతుంది. స్పిరిట్ అన్నిటికంటె త్వరగా, చిక్కగా పచ్చబడుతుంది. పసుపులోని రంగు పదార్థమైన కర్కుమిన్ నీటిలో దాదాపు కరగకపోవడమే దీనికి కారణం. ఉత్తర భారతంలో తలనూనెలకు, కాశ్మీరులో మాంసపు వంటలకు ఎరుపు తెచ్చే రతన్‌జోత్ వేరు కూడా ఇట్టిదే. నీటిలో వేస్తే నిరాశ కలిగిస్తుంది, వేడి నూనెలో లేక నేతిలో వేస్తే క్షణాలలో ఎర్రబారుతుంది.

మన్యం ప్రాంతాలలో పండే జాఫ్రా గింజ మరొక మెట్టు ముందుకు పోతుంది. గింజ పైపొరలోని బిక్సిన్ నూనెలో కరుగుతుంది కావున పెదవుల రంగులకు, వెన్నకు పనికివస్తుంది. దానినే క్షారజలంలో ఉంచితే నార్‌బిక్సిన్‌గా మారి నీటిలో కరుగుతుంది. అప్పుడు పట్టుకు అద్దకం వేయవచ్చు. గింజ ఒక్కటే, ద్రవం మారినప్పుడు ఉపయోగం మారింది.

ఈ విద్యను అన్నిటికంటె చక్కగా బోధించగల పువ్వు కుసుమ. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ మెట్టభూములలో దీనిని నేడు ప్రధానంగా నూనెగింజ పంటగా పండిస్తున్నారు. పూర్వం దీని విలువ గింజలో కాక పూరేకులలో ఉండేది. ఆ రేకులలో రెండు రంగులు ఉన్నవి. మొదటిది పసుపు, సమృద్ధిగా ఉంటుంది, చల్లని నీటిలోనే కరిగిపోతుంది. రెండవది ఎరుపు, అతి స్వల్పం, మామూలు నీటికి లొంగదు. అద్దకందారులు పూరేకులను నీటిలో పదేపదే తొక్కి, పిండి, పసుపు నీరు తేటపడేవరకు కడిగేవారు. పిమ్మట మిగిలిన పిప్పిలో బూడిద క్షారమో సజ్జక్షారమో కలిపి పిసికితే ఇన్నాళ్ళు మొండికెత్తిన ఎరుపు కరిగి వచ్చేది. ఆ ద్రవంలో పుల్లని పండ్ల రసం పిండినప్పుడు క్షారం విరిగి, ఎరుపు మళ్ళీ కరగని రూపం దాల్చి, ఆ సమయానికి అందులో ముంచి ఉంచిన బట్టమీద కూర్చుంటుంది. సంస్కృత కవులకు పరిచితమైన కౌసుంభ వస్త్రం ఈ రంగుదే. అదే ఎరుపును ముద్దగా దింపుకొని జపాను స్త్రీలు ‘బెని’ అనే పేరుతో పెదవులకు అద్దుకొన్నారు. నీరు, బూడిద, పులుపు - ఈ మూడింటితో ఒక పువ్వు బట్టకూ, ముఖాలంకరణకూ పనికివచ్చింది.

అయితే ఈ ఎరుపుకు ఒక లోపం ఉన్నది. ఎండకు వెలుస్తుంది, ఉతుకుకు ఆగదు. ఏ క్షారగుణం దానిని పువ్వునుండి కరిగించి తెచ్చిందో అదే గుణం సబ్బునీటి రూపంలో వచ్చి బట్టనుండి కూడా కరిగించుకొనిపోతుంది. పాత పద్ధతులను కొనియాడేవారు ఈ విషయాన్ని మరువరాదు.

కన్నౌజు డేగు, జౌన్‌పూరు నువ్వులు

రంగు తరువాత పరిమళం. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజు పట్టణంలో అత్తరు తీసే పద్ధతి శతాబ్దాలుగా పెద్దగా మారలేదు. ‘డేగు’ అనే పెద్ద రాగి పాత్రలో పూలు, నీరు పోసి మూతపెట్టి, సందులను మట్టితో మూసివేస్తారు. క్రింద మంట పెడతారు. డేగు నుండి ఒక వెదురు గొట్టం బయలుదేరి, నీటి తొట్టిలో కూర్చున్న ‘భప్కా’ అనే మరొక రాగి పాత్రలోనికి పోతుంది. పూల పరిమళాన్ని మోసుకొని వచ్చిన ఆవిరి భప్కాలో చల్లబడి ద్రవమవుతుంది. ఇక్కడ గమనించవలసిన విశేషమేమనగా ఆ భప్కా ఖాళీగా ఉండదు. అందులో ముందే చందన తైలం పోసి ఉంటుంది. పరిమళాన్ని చందన తైలం తనలో కలుపుకొంటుంది. చల్లారిన నీరు అడుగున చేరుతుంది, దానిని వంచివేసి మళ్ళీ తాజా పూలు, మళ్ళీ మంట. మంట ఎంత ఉండాలో, తొట్టిలోని నీరు ఎప్పుడు మార్చాలో చెప్పడానికి అక్కడ ఉష్ణమాపకం కంటె పనివాడి అరచేయే ప్రమాణం.

ఎండకు బీటలువారిన నేల మీద తొలకరి పడినప్పుడు లేచే సుగంధాన్ని సైతం కన్నౌజు వారు కాల్చిన మట్టినుండి ఈ డేగులోనే తీసి ‘మిట్టీ అత్తరు’ చేస్తారు. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు బేర్, థామస్‌లు 1964లో ఈ మట్టి వాసనకు ‘పెట్రికోర్’ అని నామకరణం చేసినప్పుడు భారతదేశపు ఈ పరిశ్రమను పేర్కొనడం గమనార్హం.

అన్ని పూలూ మంటను సహించవు. మల్లె జాతి పూలను మరిగిస్తే పరిమళం చెడిపోతుంది. జౌన్‌పూరు, గాజీపూరు ప్రాంతాలవారు దీనికి వేరొక ఉపాయం కనిపెట్టినారు. కడిగి ఆరబెట్టిన నువ్వులను ఒక వరుస, చమేలీ పూలను ఒక వరుస పరచి ఉంచుతారు. వాడిన పూలను ఏరివేసి కొత్త పూలు వేస్తారు. ఇట్లు పలుమారులు చేసిన పిమ్మట ఆ నువ్వులను గానుగ ఆడిస్తే వచ్చేది చమేలీ తైలం. నువ్వుగింజ లోపల ఉన్న నూనే ఇక్కడ ద్రావణి. మంట లేదు, పొగ లేదు, వ్యర్థమంటే వాడిన పూలు, తెలికపిండి - రెండూ పొలానికో పశువుకో పనికివచ్చేవే. ఫ్రాన్సులోని గ్రాస్ పట్టణంలో గాజు పలకల మీద కొవ్వు పూసి, పూలు పరచి పరిమళం తీసిన పద్ధతి దీనికి సోదరి వంటిది.

ఈ చిత్రంలో ఒక మచ్చ ఉన్నది. చందన వృక్షాలు తరిగిపోయి, చందన తైలం ధర సామాన్య అత్తరు వ్యాపారికి అందనంత ఎత్తుకు పోయినది. ఫలితంగా అనేక భప్కాలలో ఇప్పుడు చందన తైలానికి బదులు లిక్విడ్ పారాఫిన్ పోస్తున్నారు. అది పెట్రోలియం నుండి వచ్చినదే. అదే డేగు, అదే వెదురు గొట్టం, అవే గులాబీలు; మారినది ద్రవం ఒక్కటే. కొనేవాడి ముక్కుకు ఆ తేడా వెంటనే తెలియకపోవచ్చును. కన్నౌజులో 1991లో నెలకొల్పబడిన సుగంధ, సురుచి అభివృద్ధి కేంద్రం ఈ పరిశ్రమకు శాస్త్రీయ సహాయం అందిస్తున్నది. కానీ ఒక చందన వృక్షం పరిపక్వానికి రావడానికి దశాబ్దాలు పడుతుంది, ఆ కాలాన్ని కుదించగల కేంద్రం ఏదీ ఉండదు.

బొగ్గు తారు నుండి హెక్సేను దాకా

1856లో విలియం పెర్కిన్ అనే పద్దెనిమిదేండ్ల ఆంగ్ల విద్యార్థి మలేరియా మందు చేయబోయి బొగ్గు తారు సంబంధమైన పదార్థాల నుండి ఊదారంగు చేసినాడు. 1868లో జర్మనీలో గ్రేబే, లీబర్‌మన్‌లు మంజిష్ఠ జాతి వేళ్ళలోని ఎరుపైన అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారు చేసినారు. 1897లో కృత్రిమ నీలి విపణికి వచ్చింది. బెంగాలు, బీహారు, కోస్తా ఆంధ్ర పొలాలలోని నీలి సాగును కొద్ది సంవత్సరాలలో అది దాదాపు తుడిచిపెట్టింది. నీలి తోటల దొరల క్రింద రైతులు పడిన బాధలను 1859-60 నాటి బెంగాలు తిరుగుబాటు, 1917 నాటి చంపారన్ ఉద్యమం లోకానికి చాటినవి. కనుక సహజ వర్ణాల యుగమంతా స్వర్ణయుగమని అనుకోవడం పొరపాటు. రంగు సహజమైనదైనప్పటికీ దానిని పండించిన విధానం అన్యాయమైనది కావచ్చును.

కృత్రిమ వర్ణాలు చౌక, నిలకడ గలవి, అనేక ఛాయలలో లభ్యమయ్యేవి. వాటివల్లనే సామాన్యుడు రంగుల బట్ట కట్టగలిగినాడు. కానీ వాటిలో కొన్ని అజో జాతి రంగులు విచ్ఛిన్నమై కాన్సరు కారకాలైన పదార్థాలను విడుదల చేస్తాయని తేలినది. 1994లో జర్మనీ అట్టి రంగులను నిషేధించడానికి శాసనం చేయగా, భారత ప్రభుత్వం కూడా ఆ దశాబ్దంలోనే వాటిని నిషేధించింది. రంగు నీటిని నదులలోనికి వదలడం మరొక సమస్య. తమిళనాడులోని తిరుప్పూరులో నొయ్యల్ నది పాడైపోగా, 2011 జనవరిలో మద్రాసు ఉన్నత న్యాయస్థానం అక్కడి అద్దకం కర్మాగారాలను మూసివేయవలసినదిగా ఆదేశించింది.

మొక్కల సారాల పరిశ్రమ కూడా పెట్రోలియం యుగంలో ప్రవేశించింది. మల్లెపూల నుండి పరిమళం తీయడానికి నువ్వుల వరుసలకు, కొవ్వు పలకలకు బదులు హెక్సేను అనే ద్రవం వచ్చింది. సుమారు 69 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే అది మరుగుతుంది కావున మంద ఉష్ణంతోనే దానిని తొలగించి, మళ్ళీ పట్టి వాడుకోవచ్చు. పూవును కమరనీయదు. తమిళనాడు మల్లెల నుండి ఈ విధంగా మైనం వంటి ముద్ద తీస్తారు. వర్తకులు దానిని ‘కాంక్రీటు’ అంటారు; ఇండ్ల నిర్మాణంతో దీనికి సంబంధం లేదు. ఆ ముద్దను ఆల్కహాలుతో కడిగి మైనాన్ని వేరు చేస్తే ‘అబ్సల్యూటు’ వస్తుంది. ప్రపంచంలోని ఖరీదైన సుగంధ ద్రవ్యాలలో అది ఒకటి.

హెక్సేను పనితనాన్ని కాదనలేము. కాని అది పెట్రోలియం సంతతి, సులభంగా అంటుకొనేది. అంతకుమించి, దాని ఆవిరిని దీర్ఘకాలం పీల్చినవారి దేహంలో అది వేరొక పదార్థంగా మారి, కాళ్ళు చేతుల నరాలను దెబ్బతీస్తుంది. ఇటలీ, జపాను దేశాలలో చెప్పుల జిగురు పనిచేసినవారిలో ఈ వ్యాధిని వైద్యులు గుర్తించినారు. తయారైన అత్తరులో మిగిలే హెక్సేను లవలేశమే, దానికి పరిమితులున్నవి. కనుక ఇక్కడ ప్రమాదం సీసా కొన్నవారికంటె సీసా నింపినవారికి ఎక్కువ. ‘చర్మానికి హాని లేదు’ అన్న ప్రకటన చదివేటప్పుడు అది ఎవరి చర్మం, ఎవరి ఊపిరి అన్న ప్రశ్న వేసికోవడం న్యాయం.

కొత్త ద్రావణులు

1998లో అమెరికా రసాయన శాస్త్రజ్ఞులు పాల్ అనస్టాస్, జాన్ వార్నర్‌లు తమ గ్రంథంలో హరిత రసాయన శాస్త్రానికి 12 సూత్రాలను ప్రతిపాదించినారు. ద్రావణుల వంటి సహాయక పదార్థాలను సాధ్యమైనంతవరకు వాడరాదని, తప్పనప్పుడు నిరపాయమైనవాటినే వాడాలని అందులో ఐదవ సూత్రం చెప్పుతున్నది. ముడిపదార్థం తరిగిపోనిదై ఉండాలని ఏడవది. ఈ రెండు సూత్రాలను చమేలీ నువ్వులు ఎంతో పూర్వమే పాటించినవి గదా అని ఎవరికైనా తోచవచ్చు. పాటించినమాట నిజమే. అయితే ఎందుకు పాటించాలో వివరించి, కొలిచి చూపడం నేటి శాస్త్రం చేసిన పని.

కొత్త ద్రావణులలో అత్యంత విచిత్రమైనది మనం ఊపిరితో వదిలే బొగ్గుపులుసు వాయువే. దానిని 31 డిగ్రీలకు మించిన వేడిమిలో, వాతావరణ పీడనానికి సుమారు 73 రెట్లకు మించిన ఒత్తిడిలో ఉంచితే అది వాయువూ కాదు, ద్రవమూ కాదు. వాయువులాగ సందులలో దూరుతూ, ద్రవంలాగ పదార్థాలను కరిగించుకొంటుంది. జర్మనీలో 1960 దశకంలో కుర్ట్ జోసెల్ దీనితో కాఫీ గింజల నుండి కెఫీన్‌ను తొలగించే మార్గం కనుగొన్నాడు. నేడు సుగంధ ద్రవ్యాల సారాలకు, లేపనాలలో వాడే తైలాలకు దీనిని వినియోగిస్తున్నారు. పని ముగిసినాక ఒత్తిడి తగ్గిస్తే చాలు. వాయువు లేచిపోతుంది, సారంలో ద్రావణి జాడ ఉండదు. ఇందులో చిక్కు రెండు విధాలు. నూనె స్వభావం గల పదార్థాలనే అది బాగుగా కరిగిస్తుంది. బట్టల అద్దకానికి పనికివచ్చే రంగులు అనేకం దానికి లొంగవు, కొంత ఆల్కహాలు కలపవలసివస్తుంది. అంతటి ఒత్తిడికి తాళే ఉక్కు పాత్రల ఖరీదు చిన్న సహకార సంఘానికి తలకు మించిన భారం.

రెండవ మార్గం నీటినే మార్చడం. మూసిన పాత్రలో ఒత్తిడితో 100 డిగ్రీలను దాటించి వేడి చేసిన నీరు ఆవిరి కాకుండా ద్రవంగానే ఉండి, వేడి పెరిగినకొద్దీ తన స్వభావాన్ని ఆల్కహాలు వైపు మరల్చుకొంటుంది. చల్లని నీటిలో కరగనివి అందులో కరుగుతాయి. మరొకటి, ధ్వని సాయం. చెవికి వినబడనంత ఉచ్ఛస్థాయి ధ్వనితరంగాలను నీటిలో పంపితే సూక్ష్మమైన బుడగలు పుట్టి, పగిలి, మొక్క కణాల గోడలను ఛేదిస్తాయి. మదరాసులోని కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థ బీటు దుంప మొదలైనవాటి నుండి ఈ పద్ధతిలో మామూలు నీటితోనే అధికంగా రంగు రాబట్టవచ్చునని చూపింది. రోకలి చేసిన పనిని ఇక్కడ ధ్వని చేస్తున్నది.

చెరకు మడ్డి నుండి వచ్చే ఆల్కహాలు, నూనెల నుండి సబ్బు తయారీలో వచ్చే గ్లిసరిను కూడా ఈ కోవలోనివే. లేపనాలలో వాడే అనేక మూలికా సారాలకు గ్లిసరిను, నీరు కలిపిన మిశ్రమమే ద్రావణి. దానిని వేరుచేయవలసిన అవసరం కూడ లేదు, అదే చర్మానికి మృదుత్వాన్ని ఇస్తుంది. ఆల్కహాలుకు మన దేశంలో ఆబ్కారీ అనుమతులు కావాలి. ఇది రసాయన సమస్య కాదు గాని చిన్న ఉత్పత్తిదారుకు రసాయనం కంటె కష్టమైనది.

2011లో హాలెండులోని లైడెన్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఒక ఆసక్తికరమైన భావనను ముందుంచినారు. ఆపిలు పండులోని మాలిక్ ఆమ్లం, గ్లూకోజు వంటి ఘనపదార్థాలను తగిన పాళ్ళలో కలిపితే రెండూ కరిగి పానకం వంటి ద్రవమవుతాయి. మొక్కలు నీటిలో గాని, కొవ్వులో గాని కరగని పదార్థాలను తమ కణాలలో ఇట్టి పానకాలలోనే దాచుకొంటున్నాయేమో అన్నది వారి ఊహ. తరువాతి పరిశోధనలలో వారు ఈ పానకాలలో కుసుమపూల రంగులను కరిగించి, అవి నీటిలోకంటె వాటిలో ఎక్కువ కాలం చెడకుండా ఉన్నాయని చూపినారు. బూడిదకు, నిమ్మకు లొంగిన కుసుమ ఎరుపు మళ్ళీ ప్రయోగశాలకు వచ్చినది, ఈసారి చక్కెర పాకంలో.

బట్ట మీద నిలిచేది ఏది?

ముఖలేపనానికి రంగో, సారమో కరిగి వస్తే చాలు. బట్ట విషయంలో సగం పని అప్పుడే మొదలవుతుంది. కరిగి వచ్చిన రంగు నూలుపోగును పట్టుకొని ఉతుకులకు, ఎండకు ఓర్చుకోవాలి. శ్రీకాళహస్తిలోని కలంకారీ పనివారు గుడ్డను మొదట కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఆరవేస్తారు. కరక్కాయలోని కషాయ పదార్థం నూలుకు పట్టుతుంది. పాలలోని కొవ్వు వల్ల గీత చెదరదు. పాత ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో రోజుల తరబడి పులియబెట్టగా వచ్చిన ‘కసిం’తో గీత గీస్తే, అందులోని ఇనుము కరక్కాయ కషాయంతో కలిసి నల్లబడుతుంది. ఎరుపు కావలసినచోట పటిక ద్రవం పూసి, వేరు రంగులో ఉడకబెడతారు. పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుతుంది. తక్కిన గుడ్డ మీది రంగు కడుగుడులో పోతుంది. ఆ విధంగా రంగును పోగుతో ముడివేసే పటిక, ఇనుము వంటివాటికి వర్ణబంధకాలని పేరు.

మచిలీపట్నం ఎరుపుకు ఆ రోజుల్లో మూలం చిరివేరు. 17వ శతాబ్దంలో డచ్చి, ఇంగ్లీషు వర్తకులు కృష్ణా తీరంలో దిగినప్పుడు నిజాంపట్నం పరిసరాల చిరివేరు మేలిమి రకంగా పేరుపొందినది. అందులోని ముఖ్య వర్ణం అలిజరినే. అల్యూమినియం పటిక నుండి రాగా, సున్నపు అంశ కూడ తోడైనప్పుడు ఆ ఎరుపు మరింత నిగ్గు తేలుతుంది.

సహజ వర్ణాల పేరుతో అమ్మే బట్టలన్నిటిలో పటిక, ఇనుమే వాడుతున్నారని అనుకోరాదు. ఛాయలు పెంచడానికి మైలుతుత్తం, పొటాషియం డైక్రోమేటు వాడేవారు ఉన్నారు. డైక్రోమేటులోని క్రోమియం విషపూరితం. నిమ్మళంగా నీటిలో ఉడికించిన దానిమ్మ తొక్క రంగుకు అటువంటి బంధకాన్ని జోడిస్తే, ద్రావణి విషయంలో పడిన శ్రమ అంతా వృథా. అరుణాచల ప్రదేశ్‌లోని జిరో లోయలో నివసించే అపతానీలు దీనికి వేరొక సమాధానం చూపుతున్నారు. మంజిష్ఠతో ఎరుపు వేసేటప్పుడు వారు యూర్యా అనే చెట్టు ఆకులను చేరుస్తారు. ఆ ఆకులలో అల్యూమినియం సహజంగా సంచితమై ఉన్నదని కాన్పూరు ఐ.ఐ.టి. పరిశోధకులు విశ్లేషించి చెప్పినారు. అనగా పటిక అంగడి నుండి కాక అడవి నుండి వచ్చింది. కాళహస్తి కలంకారీకి, జిరో లోయ దుప్పటికి మధ్య భాషలో, వేషంలో ఎంత దూరమున్నా పోగు మీద జరిగే రసాయన చర్య ఒక్కటే.

ద్రావణులన్నిటిలోకి నిర్దోషమైనదని చెప్పుకొనే నీరు కూడ అంత సులభంగా దొరికేది కాదని గుజరాత్‌లోని కచ్ఛ్ ప్రాంతం చూపింది. సింధు నుండి వలస వచ్చిన ఖత్రీ కుటుంబాలు ధమడ్కా గ్రామంలో, ఏటి ఒడ్డున తరతరాలుగా ‘అజ్రఖ్’ అద్దకం చేస్తూ వచ్చినారు. ఆ కళ నేటికీ సరిహద్దుకు ఆవల సింధులోనూ ఉన్నది. ఒక్క గుడ్డ పూర్తి కావడానికి డజనుకు పైగా దశలు, ప్రతి దశకూ కడుగుడు. కాలక్రమాన ఏరు ఎండినది. 2001 జనవరి 26 నాటి భూకంపం తరువాత అక్కడి భూగర్భజలంలో ఇనుము పెరిగిపోయినది. కసింలో మేలు చేసే ఆ ఇనుమే కడిగే నీటిలో ఉంటే గుడ్డ అంతటినీ మసకబరుస్తుంది. అందువలన అనేక కుటుంబాలు భుజ్ పట్టణానికి సమీపంలో కొత్త ఊరు కట్టుకొని, దానికి అజ్రఖ్‌పూర్ అని పేరు పెట్టుకొన్నవి. నీటి గుణం మారితే ఒక ఊరే కదలవలసి వచ్చింది.

నేలను గురించి కూడ ఒక మాట. కిలో గులాబీ నూనెకు 3,000 నుండి 4,000 కిలోల పూలు కావాలి. లోకంలోని బట్ట అంతటికీ మొక్కల నుండే రంగు తీయవలెనంటే అన్నం పండే భూములను త్యాగం చేయవలసివస్తుంది. కనుక సహజ వర్ణాలు కృత్రిమ వర్ణాలను పూర్తిగా తొలగిస్తాయన్న వాదం నిలువదు. దానిమ్మ తొక్క, ఉల్లిపొట్టు, దేవాలయాలలో వాడిన బంతిపూలు వంటి వ్యర్థాల నుండి రంగు తీసినప్పుడు ఈ ఆక్షేపణకు తావుండదు. అట్టి చోట్ల నీరు, పటిక చాలు.

నీలి సంగతి కొంత ప్రత్యేకం. కోసిన నీలిమొక్కను తొట్టిలో నీటిలో నానబెట్టితే పులిసి, దానిలోని వర్ణహీన పదార్థం నీటిలోనికి దిగుతుంది. ఆ నీటిని వేరొక తొట్టిలోనికి మళ్ళించి కర్రలతో చిలికితే గాలి కలిసి నీలిమందు అడుగుకు చేరుతుంది. 100 కిలోల ఆకుకు దొరికేది కొద్ది వందల గ్రాములే. అట్లు ఏర్పడిన నీలి మళ్ళీ నీటిలో కరగదు. అద్దకానికి దానిని తిరిగి పులియబెట్టవలె. దక్షిణాదిలో ఇందుకు సున్నంతోబాటు తంటెపు గింజలు ఉడికించి వేసేవారు. కర్మాగారాలలో ఈ పనికి సోడియం డైథియోనైటు వాడుతున్నారు; దాని అవశేషాలైన గంధక లవణాలు వ్యర్థజలంలో కలుస్తాయి. తంటెపు గింజల తొట్టి నిదానంగా పనిచేస్తుంది, చలి ఎక్కువైతే మొరాయిస్తుంది, ప్రతి ఉదయం దాని వాసన చూసి పనివాడు సున్నమో గింజలో వేస్తుంటాడు.

బంగ్లాదేశ్‌లోని రంగపూరు ప్రాంతంలో రైతులు ఈ మొక్కను మళ్ళీ నీలి కోసం సాగుచేస్తున్నారు. ఎవరి ఒత్తిడీ లేదు. నీలి చిక్కుడు కుటుంబానికి చెందినది కనుక నేలకు నత్రజని ఇస్తుంది, కట్టె పొయ్యిలోనికి వస్తుంది. తొట్టిలో నానిన ఆకు పిప్పిని ఎత్తి తిరిగి అదే పొలంలో వేస్తారు. అందులో నీరు తప్ప వేరే ద్రావణి ఏదీ చేరి ఉండదు కావున ఆ ఎరువు వేసిన మడిలో మరుసటి పంటను నిశ్చింతగా విత్తుకోవచ్చును.